ట్రేలు ఆనించి పెట్టాలి

రాత్రి పదకొండింటికి కాళ్ళకూరులో చెరువు పట్టారు.
భీమవరం షెడ్డుకి లారీ వచ్చేసరికి రెండు.
ఐసు కింద రొయ్యలు,
ఐసు మీద మా చేతులు.

ముప్పై కౌంటు ఇటు, దాని పక్కన నలభై,
తర్వాత యాభై, అరవై, డెబ్భై.
కిలోకి ఎన్ని తూగితే అదే కౌంటు.
అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది,
చెరువు రైతు ముఖం కూడా.

నాలుగింటికి నడుం నిటారు చేసి చూశాను.
ముప్పైలో ఒక్క ట్రే, అదీ అడుగు కనబడుతూ.
నలభై మోకాలి దాకా.
యాభై ట్రేల దొంతర నా భుజం దాటింది.
అరవై నడుం దగ్గరే ఆగిపోయింది,
డెబ్భై చీలమండ.
ఒకవైపు ఎక్కి, ఇంకోవైపు దిగే
రేవు మెట్లలా ఉంది రాత్రి కష్టమంతా.

పొద్దున్న పదింటికి హైమవతి మేడం
బోర్డు మీద గీసిందీ అదే.
సోపాన చిత్రం, అన్నారు.
"దిమ్మెల మధ్య సందెందుకు ఉండదు?"
ఎవరూ నోరు మెదపలేదు.
బ్లీచింగు కంపు కొట్టే వేళ్ళు
చున్నీ కింద దాచుకుని లేచాను.
ట్రేలు ఆనించి పెట్టాలి మేడం,
సందు వదిలితే
ఏ కౌంటుకీ చెందని రొయ్య నేలపాలవుద్ది.
క్లాసు నవ్వింది. మేడం నవ్వలేదు.

పౌనఃపున్యం అంటే వరాలు పిన్నికి నోరు తిరగదు.
"ఎన్నిసార్లొచ్చిందో చెప్పు, చాలు" అంటుంది.
ఒక టీ వేళ, థర్మాకోలు మూత మీద
మా తొమ్మండుగురి వయసులూ రాసి చూపించాను:
కాండం ఇటు, ఆకులు అటు.
ఒకటి పక్కన తొమ్మిది, అది నేను.
మూడు పక్కన రెండు నాలుగులు, తోటికోడళ్ళు,
ఇక్కడ కూడా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ.
నాలుగు పక్కన ఏడు, పిన్ని.
"గోంగూర కట్టలా ఉందే" అంది.
అవును పిన్నీ, దీంట్లో ఆకు రాలదు.
దిమ్మె గీస్తే మనం ఎత్తు మాత్రమే,
ఇందులో ఎవరి అంకె వాళ్ళకుంటుంది.

మంగళవారం ఎవరో ఆఫీసరు ఫైలు పట్టుకుని వచ్చాడు.
మేనేజరు గారు కూల్‌డ్రింకు తెప్పించి
"మా దగ్గర నెలకి సగటున పన్నెండు వేలండీ" అన్నారు.
ఆయన రాసుకున్నాడు.

అబద్ధమైతే బాగుండేది.
ఐసు చీటీ వెనకాల నేనూ కూడి చూశాను.
ఆరు, ఆరున్నర, ఏడు, ఏడు, ఏడున్నర,
ఎనిమిది, ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిది,
లారీ డ్రైవరు పద్నాలుగున్నర,
మేనేజరు గారు యాభై.
పదకొండు పేర్లకి నూట ముప్పై రెండు వేలు.
భాగిస్తే పన్నెండే.
పైసా తేడా లేదు.

పన్నెండు వేలు చేత్తో తాకినవాళ్ళు
మా షెడ్డులో ఎవరూ లేరు.

మరి అందర్నీ వరసలో నిలబెట్టాను, మనసులోనే,
తక్కువ నుంచి ఎక్కువకి.
ఇటు అయిదుగురు, అటు అయిదుగురు.
మధ్యలో రబ్బరు బూట్లతో వరాలు పిన్ని,
ఎనిమిది వేలు.
మధ్యగతం నువ్వే, అన్నాను.
"ఇన్నాళ్ళూ చివరనున్నాననుకున్నానే" అంది,
నవ్విందో, ఐసుకి వణికిందో.

చిత్రం కూడా గీశాను, రెండేసి వేల తరగతులు.
ఆరు నుంచి ఎనిమిది లోపు అయిదుగురు.
ఎనిమిది నుంచి పది లోపు నలుగురు.
ఆ తర్వాత తెల్ల కాగితం.
డ్రైవరు ఒక్కడూ. మళ్ళీ తెల్ల కాగితం,
చీటీ చాలక, దాని పక్కన ఇంకోటి అతికిస్తే గానీ
యాభై రాలేదు.

"అక్కడ ఖాళీ ఎందుకొదిలావు?
ఆనించాలన్నావుగా" అని అడిగింది పిన్ని.
వదల్లేదు పిన్నీ,
ట్రే ఉంది. అందులో ఎవరూ లేరు.

చాలాసేపు చూసింది.
వేలు పెట్టి పన్నెండు దగ్గర ఆపింది.
వేలి తడికి
సిరా కొంచెం పాకింది.

బయట లారీ హారను.
ఈసారి చెరువు ఏ ఊరిదో,
ఏ కౌంటో.
చీటీ మడిచి జాకెట్లో దోపుకుని
పిన్ని గ్లవ్సు తొడుక్కుంది.